వ్రాయబడని మరణములు

మృత్యువును జయించిన మానవుడు లేడు. అయినను, పోయినవారిని గౌరవముతో సాగనంపుట, మిగిలినవారి చెంత చేరి ఓదార్చుట అను రెండు ధర్మములను పాటించి మానవుడు మృత్యువు ఎదుట తన మర్యాదను నిలుపుకొంటూ వచ్చాడు. 2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి మన ఆత్మీయులను తీసుకొనిపోవుటయే గాక, ఈ రెండు ధర్మములను కూడ మన చేతులనుండి లాగుకొన్నది. మొదటి నష్టమును గూర్చి లోకము కొంత మాట్లాడినది. రెండవ నష్టము మాత్రము మన ఇండ్లలోనే మూగగా మిగిలియున్నది. దానిని గూర్చి కళాశాల కమిటీ పెద్దల ఎదుట, తోటి విద్యార్థుల ఎదుట కొన్ని మాటలు చెప్పదలచినాము.

మేము ఈ కళాశాలలో ఉర్దూ, తెలుగు మాధ్యమములలో చదువుకొనుచున్న విద్యార్థులము. 2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ ప్రారంభమైననాటికి మేమందరము హైస్కూలు పిల్లలము. ఆ ఏడు పదవ తరగతి పరీక్షలు రద్దయినవి. మాలో పెద్దవారు పరీక్ష వ్రాయకయే ఉత్తీర్ణులైనారు. మరుసటి ఏడు గడచునప్పటికి మాలో కొందరు తండ్రిని, కొందరు తల్లిని, కొందరు నానీ దాదీలను పోగొట్టుకొన్నారు. ఇటీవల ఒకనాడు మధ్యాహ్న విరామములో ఈ సంగతి ప్రస్తావనకు వచ్చినది. ఒకరి దుఃఖము మరొకరికి తెలియకయే ఇంతకాలము ఒకే బల్లపై కూర్చున్నామని అప్పుడు తెలిసినది. ఆ విస్మయమే ఈ వ్యాసమునకు కారణము.

వ్యాధి మా ఇండ్లలోనికి వచ్చిన విధము ఇంచుమించు అందరికి ఒకటే. ప్రతి ఉదయము ఇంటి పెద్దలు అత్తరు సీసా మూత తీసి పిల్లల ముక్కుల దగ్గర పెట్టి, వాసన తెలియుచున్నదా అని అడిగేవారు. తెలియుచున్నదని చెప్పిననాడు ఆ ఇంట పండుగ. తెలియనినాడు ఒక గది తలుపు మూతపడేది. ఒక్క గది ఇండ్లవారికి ఆ తలుపు కూడ లేదు. చీర అడ్డుగా కట్టి రోగిని వేరుచేసినామని సమాధానపడినారు. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు వీధికి ఒకటి ఉండేది. అందులో అంకె 94 కంటె తగ్గినచో ఆసుపత్రికి పోవలెనని చెప్పేవారు. 2021 ఏప్రిల్, మే నెలలలో పోయినను పడక దొరికేది కాదు. ఆక్సిజన్ సిలిండరు కొరకు మా తల్లుల మెడలలోని నల్లపూసల లచ్చాలు కుదువకు పోయినవి.

ఇది అందరికి వచ్చిన కష్టమే. కాని మా వీధులలో దీనికి ముందే మరొక భయము నాటుకొనియున్నది. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన తబ్లీగీ సమావేశమునకు వెళ్లివచ్చిన వారిలో పలువురికి వ్యాధి సోకినది. ఇది వాస్తవము, కాదనవలసిన పని లేదు. అయితే ఆ వాస్తవమును పట్టుకొని ఒక సమాజమునంతటిని దోషిగా నిలబెట్టుట జరిగినది. తోపుడుబండిపై కూరగాయలు అమ్ముకొనువానిని, ముందు పేరు అడిగి తరువాత ధర అడిగిన దినములవి. సమావేశమునకు వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనము కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకొన్నట్లు కనిపించుచున్నదని అభిప్రాయపడినది. తీర్పు వచ్చునప్పటికి ఆ నింద తన పని ముగించినది. జ్వరమని చెప్పుకొనుటకే మా వీధులలో జంకు పుట్టినది. పరీక్షకు పోయినచో వ్యాధి బయటపడునను భయము ఒకటి, నింద పడునను భయము రెండవది. పరీక్ష చేయించుకొననివారి పేరు ఏ చిట్టాలోను చేరలేదు.

మాలో ఒకరి తండ్రి దర్జీ. 2021 రంజాను చివరి పది దినములలో ఆయనకు జ్వరము వచ్చినది. వీధి వైద్యుడు మాత్రలిచ్చాడు. మూడవనాడు ఆయాసము హెచ్చగా, ఒక కేంద్రములో సి.టి. స్కాను తీయించారు, ఊపిరితిత్తులు చెడినవని చెప్పారు. రెండు ఆసుపత్రులు పడక లేదని పంపివేసినవి. పండుగకు కుట్టవలసిన బట్టలు మిషను ప్రక్కన అట్లే ఉండగా ఆయన ఇంటిలోనే కన్నుమూశాడు. మునిసిపాలిటీవారి మరణ ధ్రువపత్రములో ఆయన పేరు, తేదీ ఉన్నవి. వ్యాధి పేరు ఏ కాగితములోను లేదు.

మరొకరి దాదీ ఆసుపత్రిలో చనిపోయినది. ఆమెను మూటగట్టిన సంచిని బండిలోనికి ఎక్కించునప్పుడు కుమారుడు ఒక్కసారి ముఖము చూపుమని ప్రాధేయపడినాడు. నిబంధన ఒప్పుకొనదని చెప్పారు. నిజమునకు నిబంధన ఒప్పుకొన్నది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2020 మార్చి 15న ఇచ్చిన మార్గదర్శకములలో, సంచిని ముఖము వైపు తెరచి బంధువులకు చివరిచూపు కల్పించవచ్చునని, దేహమును తాకకుండ మతగ్రంథ పఠనము, పవిత్ర జలము చిలకరించుట వంటివి చేయవచ్చునని స్పష్టముగా ఉన్నది. స్నానము చేయించుట, కౌగిలించుకొనుట, ముద్దిడుట మాత్రమే కూడదన్నారు. గుసుల్‌కు వీలు లేనిచోట తయమ్ముమ్ చాలునని ఉలేమాలు పలువురు చెప్పారు. శాస్త్రము దారి చూపినది, ధర్మము దారి చూపినది. ఆ దారిని మూసినది భయము, అజ్ఞానము. ఆ కుమారునికి నిబంధన తెలిసియున్నచో అడుగుటకు ఒక ఆధారము ఉండేది. చదువుకొన్నవారు ఉండి కూడ ఆ ఒక్క కాగితమును తెలుగులోను, ఉర్దూలోను వీధివీధికి చేర్చినవారు లేకపోయినారు.

ఈ దుఃఖము ఒక మతమువారిది మాత్రమే కాదు. మా తరగతిలోని ఒక హిందూ సోదరి తల్లిని దహనము చేయుటకు బంధువులెవ్వరు రాలేదు. దశదిన కర్మ కర్త ఒక్కడుగా జరిగినది. అస్థికల కలశము నెలల తరబడి పెరటి వేపచెట్టుకు వ్రేలాడినది. 2020 ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు రోగులకు చికిత్స చేయుచు వ్యాధి సోకి చెన్నైలో మరణించగా, స్థానికులు దహనమునకు అడ్డుపడినారు. దేహమును మరొక చోటికి తీసుకొనిపోవలసివచ్చినది. ప్రాణము నిలుపువానికే ఆ గతి పట్టినప్పుడు సామాన్యుని సంగతి చెప్పనేల?

అయినను ఆ చీకటిలో వెలుగు లేకపోలేదు. తిరుపతి మొదలుకొని హైదరాబాదు వరకు అనేక పట్టణములలో ముస్లిం యువకులు బృందములుగా ఏర్పడి, అయినవారు దగ్గరకు రాని దేహములను మోసి, ముస్లిములకు జనాజా నమాజు చేసి, హిందువులకు వారి సంప్రదాయము ప్రకారము దహనము జరిపారు. మన ధర్మములో జనాజా నమాజు ఫర్జె కిఫాయా. కొందరు నెరవేర్చినచో సమాజమంతటి బాధ్యత తీరును. ఎవ్వరును నెరవేర్చనిచో అందరిపై దోషము నిలుచును. ఆ యువకులు మనయందరి తరఫున ఆ ఋణమును తీర్చారు. వారి పేర్లు కూడ ఎక్కడను వ్రాయబడలేదు.

వ్రాయబడని మరణమునకు మూల్యము ఎంత? సుప్రీంకోర్టు 2021 జూన్ 30న ఇచ్చిన తీర్పును అనుసరించి, మృతుల కుటుంబమునకు 50,000 రూపాయలు చెల్లించు పద్ధతి ఏర్పడినది. పరీక్షలో గాని, వైద్యుని నిర్ధారణలో గాని వ్యాధి తేలిన 30 దినములలో మరణించినచో, ఆ మరణము ఆసుపత్రి వెలుపల జరిగినను, అది కరోనా మరణముగానే లెక్క. వినుటకు ఉదారమైన నియమమే. కాని పరీక్షయే జరుగని దర్జీ భార్య ఏ కాగితము చూపగలదు? 2022 మార్చిలో సుప్రీంకోర్టు పాత మరణముల దరఖాస్తులకు 60 దినముల గడువు విధించినది. గడువు విషయము మా వీధులలో చాలమందికి అది ముగిసిన తరువాత తెలిసినది. ఆమె ఇద్దత్ నాలుగు నెలల పది దినములు గడిపి, భర్త మిషను పైననే కూర్చుండి కుట్టుచు పిల్లలను చదివించుచున్నది. భర్త ఏ వ్యాధితో పోయినాడో చెప్పు ఒక్క వాక్యము ఆమెకు లభింపలేదు.

దేశము సంగతి కూడ ఇట్లే ఉన్నది. అధికార లెక్కల ప్రకారము మన దేశములో కరోనా మృతులు 5 లక్షల 30 వేలకు పైగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే 5న ప్రకటించిన అంచనా ప్రకారము 2020, 2021 సంవత్సరములలో మహమ్మారి వలన ప్రత్యక్షముగాను పరోక్షముగాను సంభవించిన అదనపు మరణములు సుమారు 47 లక్షలు. ఆ గణన పద్ధతిని భారత ప్రభుత్వము అంగీకరింపలేదు. పండితుల వివాదములో తీర్పు చెప్పుటకు మేము చాలము. కాని ఈ రెండు అంకెల నడుమ గల అగాధములో మా వీధివారు ఉన్నారని మాత్రము మాకు తెలియును. వారిని మేము పేరుపేరున ఎరుగుదుము.

పాత గాయములను రేపనేల, సబర్ చేయుట మేలు గదా అని పెద్దలు కొందరు అనుచున్నారు. వారి మాటను గౌరవించుచునే ఒక మనవి. సబర్ అనగా మరచుట కాదు. మృతునికై మూడు దినములకు మించి శోకించరాదను నియమమును మేము ఎరుగుదుము. కాని ఆ మూడు దినములలో పొరుగువారు వచ్చి అన్నము తెచ్చి పెట్టుదురు, తాజియత్ చెప్పుదురు, పోయినవాని మంచిని తలచుదురు. మా ఇండ్లలో ఆ మూడు దినములు ఎవ్వరును రాలేదు. రాలేనివారిపై మాకు కోపము లేదు. కాని చెప్పవలసియున్న ఆ మాటలు ఇంకను చెప్పవలసియే ఉన్నవి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో ఈ దేశమున కోటిమందికి పైగా మరణించారు. నేడు ఏ ఇంట ఆ ముత్తాతల కథ వినవచ్చును? వ్రాయనిది నూరేండ్లలో ఏమగునో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

కావున కళాశాల కమిటీవారికి మూడు విన్నపములు. మొదటిది, మన గ్రంథాలయములో ఒక పెద్ద దస్త్రము పెట్టించవలెను. ఈ పట్టణములో 2020, 2021 సంవత్సరములలో కరోనాతోగాని, ఆ అనుమానముతోగాని పోయినవారికి తలా ఒక పుట: పేరు, చేసిన వృత్తి, జబ్బుపడిన దినము, వైద్యము దొరికిన లేక దొరకని విధము, భుజము పట్టినవారి పేర్లు. కుటుంబమువారి అంగీకారముతో ఆయా వీధుల విద్యార్థులే పోయి, వారు చెప్పిన భాషలో, ఉర్దూలోగాని తెలుగులోగాని వ్రాయుదుము. కులమతభేదము ఇందులో ఉండరాదు. కాగితము, జిల్దు ఖర్చు తప్ప కమిటీపై భారము లేదు.

రెండవది, కళాశాల కార్యాలయములో వారమునకు ఒక పూట ధ్రువపత్రముల సహాయమునకు కేటాయించవలెను. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము మరణమును 21 దినములలో నమోదు చేయించవలెను. ఆలస్యమైనచో అందుకు వేరు విధానము కలదు. తప్పుగా నమోదైన వివరమును సవరించుకొను అవకాశము కూడ కలదు. దరఖాస్తు వ్రాయలేక ఈ అవకాశమును వదలుకొన్న తల్లులు మన చుట్టు ఉన్నారు. దరఖాస్తు వ్రాయుటకు పట్టా అక్కరలేదు, మేము చాలుదుము.

మూడవది, ఏడాదికి ఒక దినము ఆ దస్త్రములోని పేర్లను సభలో చదివించవలెను. ఉపన్యాసములు వద్దు, పూలమాలలు వద్దు. పేర్లు చదివి, ఎవరి పద్ధతిలో వారు ప్రార్థించి, ఆ ఇండ్లవారిని పలకరించి పోవుదము. ఏండ్ల తరబడి ఆలస్యమైన తాజియత్‌కు ఇంతకంటె తగిన మార్గము మాకు తోచలేదు.

ఇవి పెద్ద కోరికలు కావు. పోయినవారిని తిరిగి తేగల శక్తి ఎవరికి లేదు. కాని వారు ఉండిరని, ఫలానా దినమున ఫలానా కారణమున పోయిరని సాక్ష్యము చెప్పు శక్తి అక్షరము వచ్చిన ప్రతివానికి కలదు. మైనారిటీ కళాశాల స్థాపించి మాకు రెండు భాషలలో అక్షరము నేర్పినవారు ఆ అక్షరముతో ఈ పని చేయుటకు అనుమతింతురని నమ్ముచున్నాము. మొదటి పుటలో దర్జీగారి పేరు వ్రాయుటకు ఆయన కుమారుడు సిద్ధముగా ఉన్నాడు.