రహదారి విడిచిన యూరు

టెక్సాస్ అనగనే మన తెలుగువారికి స్ఫురించునవి డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరములును, వాని శివారులందు మనవారు కట్టుకొన్న యిండ్లును, దేవాలయములును; ఆ రాష్ట్రపు ఉత్తరపు కొసన, పాన్‌హ్యాండిల్ అను పేర బరగు పచ్చికమైదానమున, అమరిల్లోకు తూర్పుగా సుమారు 120 కిలోమీటర్ల దూరమున నున్న మెక్లీన్ పేరు విన్నవారు మనలో అరుదు. 2020 జనగణనలో దాని జనసంఖ్య 700కు లోపే. మోటారుసైకిలుపై దూరప్రయాణము చేయువారు ఇంటర్‌స్టేట్ 40 మీద దీనిని దాటిపోక, దిగి, కొన్ని గంటలైనను ఇచ్చట గడపవలెనని నా కోరిక; బాటసారులు ఈ యూరికి ఋణపడియున్నారని నా నమ్మకము.

ఆ ఋణ మెట్టిదో చెప్పెదను. 1926లో చికాగోను కాలిఫోర్నియాతో కలుపుచు రూట్ 66 ఏర్పడిన పిమ్మట, 1930ల యందు దుమ్ముతుఫానులకును కరవునకును తాళలేక ఓక్లహోమా విడిచి పడమటికి పోయిన రైతుకుటుంబములును, యుద్ధానంతరము విహారార్థము బయలుదేరిన మధ్యతరగతివారును, సరకులారీలును మెక్లీన్ నడివీథినే సాగి, ఇచ్చటి బంకులలో పెట్రోలు పోయించుకొని, ఇచ్చటి భోజనశాలలలో ఆకలి తీర్చుకొని పోయిరి. టెక్సాస్‌లోని రూట్ 66 ఊళ్లలో కట్టకడపట, 1984లో, ఇంటర్‌స్టేట్ 40 ఈ యూరిని గూడ ప్రక్కకు నెట్టెను. మరుసటి యేట రూట్ 66 జాతీయ రహదారుల పట్టిక నుండియే తొలగింపబడెను. క్రొత్త దారి వలదని నేననను. బడిపిల్లలు నడచు వీథిలో లారీలు పరుగెత్తుట మేలని యెవరందురు? కాని మనకు కలిసివచ్చిన అరగంటకు మూల్యమును మఱియొకరు తమ అంగడితో, తమ కొలువుతో చెల్లించినప్పుడు, ఆ అరగంటను వారికి తిరిగి యిచ్చుట లాభము పొందినవారి ధర్మము.

నిలిచినవారికి దక్కునదియు స్వల్పము కాదు. ఒకప్పుడు స్త్రీల లోదుస్తులు కుట్టిన కర్మాగారపు కట్టడమున, 1991 నుండి, ముళ్లతీగకు అంకితమైన డెవిల్స్ రోప్ మ్యూజియము నడచుచున్నది. ఇలినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ 1874లో పేటెంటు పొందిన ముళ్లతీగ, కంచెకు కలప దొరకని ఈ మైదానమును కొలది యేండ్లలోనే ఖండములుగా విభజించి, పశువులమందలు అడ్డులేక మేయుచు సాగిన కాలమును ముగించెను; ఆ తీగల రకములను వరుసగా చూచి వెలికివచ్చినవానికి దారిప్రక్కల కంచె యంతయు చరిత్రగా గన్పట్టును. ఈ యూరికి నేలనిచ్చిన పశుక్షేత్రాధిపతి ఆల్ఫ్రెడ్ రో అను ఆంగ్లేయుడు 1912లో టైటానిక్ నౌకా ప్రమాదమున మరణించెను. సముద్రపుగాలి సోకని యీ నేలకు ఆ నౌకతో ఇట్టి సంబంధముండుట నన్ను చాల సేపు ఆలోచింపజేసినది.

కారులో చల్లగాలి నడుమ కూర్చున్నవారు వందలాది కిలోమీటర్లు ఆగకయే పోగలరు; మోటారుసైకిలువాని టాంకు చిన్నది, మైదానపు ఎదురుగాలి వాని భుజములను నొప్పించును, ఎండ నేరుగా వాని మీదనే పడును. నిలువక తప్పనివాడు గనుకనే యిట్టి యూళ్లకు వాడు సహజమైన అతిథి. డాలస్ ప్రాంతమున మోటారుసైకిళ్లు నడపు మన యువకులు ఈ సంగతి గుర్తింతురుగాక.

2026తో రూట్ 66కు నూరేండ్లు నిండుచున్నవి. ఉత్సాహముతో వచ్చువారు మెక్లీన్‌లో పునరుద్ధరింపబడిన చిన్న ఫిలిప్స్ 66 బంకు ముందు ఫొటో తీసుకొందురు. అందిపుడు పెట్రోలు దొరకదు, ఆ ఫొటో వలన ఊరివారికి ఒక్క డాలరైనను రాదు. ఫొటో తీసుకొన్నవారు అచ్చటనే భోజనము చేయవలెను, మ్యూజియమునకు తోచినంత విరాళ మీయవలెను, ప్రొద్దు వాలినచో ఆ రాత్రికి ఆ చుట్టుప్రక్కల చిన్న యూళ్లలోనే బస చేయవలెను.