బుగ్గల్ని తిన్నది జబ్బు కాదు

రహమత్ నగర్‌లో మా గల్లీ చివర ఒకాయన ఉంటాడు. మేమంతా బాబాయ్ అంటాం. సినిమాల్లో పెళ్ళి సీనుకో, కోర్టు సీనుకో వెనకాల నిలబడే జూనియర్ ఆర్టిస్టు. నా చిన్నతనంలో ఆయన బుగ్గలు లోపలికి పోయాయి, కణతల దగ్గర గుంటలు పడ్డాయి. "జబ్బు ముదిరిందిరా" అని గల్లీ అంతా గుసగుసలు. ఏజెంటు పిలవడం మానేశాడు. నిజానికి అప్పటికి ఆయన ఒంట్లో హెచ్.ఐ.వి. అదుపులోనే ఉంది. బుగ్గల్ని తిన్నది మందు!

మైటోకాండ్రియాను "కణానికి శక్తినిచ్చే కొలిమి" అని పరీక్షలో రాసి మార్కులు కొట్టేస్తాం గదా మిత్రులారా! ఆ కొలిమికి సొంత డి.ఎన్.ఎ. ఉంది, 37 జన్యువులతో. దానికి నకలు తీసే ఎంజైము పాలిమరేజ్ గామా. స్టావుడిన్ అనే మందు వైరస్ నకలును ఆపడానికి పెట్టిన దొంగ ఇటుక. పాపం గామా కూడా మోసపోయి దాన్నే పేరుస్తుంది. గోడ అక్కడితో ఆగిపోతుంది. కొలిమి చల్లబడితే బుగ్గల్లో కొవ్వు కరుగుతుంది, అరికాళ్ళు మండుతాయి. కొందరికి రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకొని ప్రాణం మీదికే వస్తుంది.

మందును తిట్టడం నా ఉద్దేశం కాదు. ఏడాదికి పదివేల డాలర్ల పైబడ్డ చికిత్సను 2001లో సిప్లా 350 డాలర్లకిస్తానంది. 2004 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో, ఢిల్లీలో ఉచిత చికిత్స మొదలైందంటే ఆ చౌకదనం వల్లే. స్టావుడిన్ ఉన్న మాత్రలు ఎందరినో చావునుంచి లాగాయి, బాబాయ్‌తో సహా. కాని ధనిక దేశాలు దాన్ని పక్కన పెట్టాక కూడా మనకు అదే మిగిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని క్రమంగా మానమని చెప్పింది 2009లో.

నా కోపమల్లా ఒక్కదానికి. బాబాయ్‌కి ఎవరూ చెప్పలేదు. కాళ్ళు మండుతున్నాయంటే "అట్లనే ఉంటది, వేసుకో" అన్నారట. మందువల్లనని, మందు మార్చవచ్చునని ఒక్క ముక్క చెబితే ఏం పోయింది? భయపడి రెండు నెలలు మాత్రలే మానేశాడు. అది మరీ ప్రమాదం, వైరస్ మందుకు లొంగకుండా తయారవుతుంది. తెలిసి ఇచ్చిన సమ్మతి లేనిదే వైద్యం చేయరాదని 2017లో చట్టం వచ్చింది, 2018 నుంచి అమలులో ఉంది. తెలియజెప్పేదెవరు, ఏ భాషలో?

ఇప్పుడిచ్చే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర మైటోకాండ్రియా జోలికి అంతగా పోదు. అయినా టెనోఫోవిర్‌తో మూత్రపిండాలను కనిపెట్టి చూసుకోవాలి, డోలుటెగ్రావిర్‌తో కొందరు బరువెక్కుతారు. డిసెంబరు 1న మన యూనియన్ ఎర్ర రిబ్బన్లు పంచుతుంది, ఫోటోలు దిగుతుంది. ఈసారి ఆ డబ్బుతో, డాక్టరు చేత దిద్దించి, ఈ సంగతులన్నీ తెలుగులో ఒక్క కాగితం అచ్చువేద్దాం. ఏ లక్షణం వస్తే ఏం అడగాలో, సొంతంగా ఎందుకు మానకూడదో అందులో ఉండాలి.

బాబాయ్ మందు మార్చి చాలా ఏళ్ళయింది. మంటలు తగ్గాయి, బుగ్గలు మాత్రం రాలేదు. ఈమధ్య మళ్ళీ పిలుస్తున్నారట, ముసలి వేషాలకి.