షాపు పేరున్న పానా డూప్లికేటా?

అఫ్జల్‌గంజ్‌లో కొన్న పానా మీద ఆ దుకాణం పేరే కొట్టి ఉంటే చాలు, ‘డూప్లికేట్ మాల్’ అని తీసిపారేసే పెద్దలున్నారు. ఫ్యాక్టరీ లేనివాడికి బ్రాండేమిటి, వెనకటి రోజుల్లో ఇలా ఉండేదా అని వాళ్ళ వాదన. రెండూ తప్పే.

పరాయి కంపెనీ పేరు దొంగిలించి కొడితే డూప్లికేట్. తన పేరు తానే కొట్టుకుంటే అది ఇంటి సరుకు. బాగుండొచ్చు, బాగుండకపోవచ్చు, దొంగది మాత్రం కాదు. పాడైతే ఎవరి గల్లా దగ్గరికెళ్ళి నిలదీయాలో దాని మీదే రాసి ఉంటుంది కదా!

ఇక వెనకటి సంగతి. అమెరికాలో సియర్స్ అనే దుకాణాల సంస్థ 1927లో ‘క్రాఫ్ట్స్‌మన్’ పేరును తనది చేసుకుంది. పనిముట్లు చేసింది మాత్రం వేర్వేరు కంపెనీలు. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్లు చాలాకాలం కొలరాడోలోని వెస్ట్రన్ ఫోర్జ్‌లో తయారయ్యాయి. విరిగితే కొత్తది ఇస్తామన్న హామీతోనే ఆ పేరు నిలబడింది. 2017లో స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ ఆ పేరును దాదాపు 90 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. షాపు బ్రాండుకు విలువేముందనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూడాలి. మన దేశంలో తపారియా అనే పనిముట్ల కంపెనీ 1969లో స్వీడన్ కంపెనీ సాంకేతిక సాయంతో సొంతంగా తయారీకి దిగింది. అది ఇంకో దారి. ఇటు జలంధర్, లూధియానా, నాగౌర్ కార్ఖానాలు ఎవరు ఆర్డరిస్తే వాళ్ళ పేరు కొట్టి పంపుతాయి.

పానా మంచిచెడ్డలు తేలేది కొలిమి దగ్గర. ఎర్రగా కాలిన ఉక్కు ముక్కను డై మీద పెట్టి సమ్మెట మిషన్‌తో కొడతారు. అంచుకు పొంగిన రేకు కత్తిరిస్తారు. తర్వాత నూనెలో ముంచి గట్టిపరుస్తారు, మళ్ళీ తక్కువ వేడి మీద కాచి పెళుసు తగ్గిస్తారు. గట్టిపరచడంలో తేడా వస్తే దవడ విచ్చుకుంటుంది, కాచడంలో తేడా వస్తే పుటుక్కున విరుగుతుంది. పైన మెరిసే క్రోమ్ పూతకు ఈ రెండింటితో సంబంధం లేదు. ‘క్రోమ్ వనేడియం’ అన్న అక్షరాలు కూడా డైలో చెక్కితే పడేవే. పెద్ద కంపెనీ పానా ఒకటి నా దగ్గరే దవడ విచ్చుకుని పడి ఉంది, పేరెందుకులెండి.

అందుకే గంజ్‌కు వెళ్ళేటప్పుడు జేబులో ఒక ఎం6 బోల్టు వేసుకుంటాను. దాని తలకు 10 నంబరు పానా పట్టాలి. కౌంటర్ మీదే పెట్టి తిప్పుతాను, లొడలొడలాడితే వెనక్కి నెడతాను. తర్వాత దవడ అంచున చిన్న ఆకురాయి ఆనిస్తాను. గట్టిగా ఎదురాడితే సరే, వెన్నలా కొరికితే ఆ పానా నాకొద్దు. దుకాణదారు కాస్త మొహం చిట్లిస్తాడు. చిట్లించనీ, బేరం ఆ తర్వాతే.