ఆరోగ్య విషయములు: పాలిపోవుటయు, పచ్చబడుటయు

ఇంట నెవరైన పాలిపోయినచో రక్తము చాలలేదని ఇనుపమాత్రలును, కన్నులు పచ్చబడినచో కామెర్లని ఆకుపసరును ఇచ్చుట మన గృహములలో వాడుక. ఈ రెండు లక్షణములును ఒక్కమాఱే కనుపించినప్పుడు వేఱొక వ్యాధి యుండవచ్చును. దానిని గుఱించి యీ మాసము సోదరీమణులకు విన్నవింపగోరుచున్నాము.

రక్తములోని యెఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించును. రోగక్రిములను ఎదుర్కొనుటకై శరీరము ప్రతిరక్షకములను పదార్థములను తయారుచేసికొనును. అవి యొక్కొక్కప్పుడు పొరబడి స్వంత యెఱ్ఱకణములకే అంటుకొనును. కావలివాడే యింటివారిని కొట్టినట్లు, కణములు ఆయువు తీరకయే నశించును. కణములు తగ్గుటచే పాలిపోవుట, ఆయాసము, గుండెదడ కలుగును. నశించిన కణముల రంగుచే కన్నులు పచ్చబడును. మూత్రము నల్లబడుటయు గలదు. దీనినే వైద్యులు ఆటోఇమ్యూన్ హీమోలిటిక్ ఎనీమియా యందురు.

ఇందు ముఖ్యమైన తెగలు రెండు. ఎక్కువమందికి వచ్చునది ఉష్ణజాతి. ఇందు ప్రతిరక్షకములు శరీరపు సహజమైన వేడియందే పనిచేయును. కణములు విశేషముగా ప్లీహమునందు నశించును. దీనికి ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడు మందులు తొలుత నిత్తురు. రెండవది శీతజాతి. చలి సోకినంతనే వ్రేళ్లు, చెవులు, ముక్కుకొన నీలివన్నె దాల్చును. స్టెరాయిడులు దీనికంతగా పనిచేయవు. ఒంటిని వెచ్చగా నుంచుకొనుట ప్రధానము. జ్వరము తగ్గిన పిల్లలకు అరుదుగా వచ్చు మఱియొక శీతజాతి తెగను 1904లో డోనాథ్, లాండ్‌స్టీనర్ అను వైద్యులు వర్ణించిరి. అది సాధారణముగా కొన్ని వారములలో తనంత తానే తగ్గును.

గర్భిణులకు రక్తపుపోటుకై యిచ్చు మిథైల్‌డోపాయు, కొన్ని పెన్సిలిన్ జాతి మందులును అరుదుగా దీనికి కారణమగును. అట్లని మాత్రలను స్వయముగా మానరాదు, వైద్యునికి తెలుపవలెను.

తెగ తెలియనిదే తగిన చికిత్స లేదు. 1945లో కూంబ్స్, మౌరాంట్, రేస్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన కూంబ్స్ పరీక్ష, కణములకు ప్రతిరక్షకములు అంటియున్నవో లేవో తెలుపును. ఆర్‌హెచ్ నెగటివ్ గల గర్భిణులకు చేయు పరీక్షయు ఈ కుటుంబములోనిదే.

కావున పాలిపోవుటయు, పచ్చబడుటయు కూడి వచ్చినప్పుడు పసరుతో దినములు గడపక, వెంటనే వైద్యుని జూచి, కూంబ్స్ పరీక్ష యవసరమా యని యడుగుడు. మూత్రము నల్లబడినను, రొప్పు హెచ్చినను, స్పృహ తప్పినను క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి జేర్పుడు. స్టెరాయిడు మాత్రలు వాడువారు, ఒంట్లో నెమ్మదించినదని వానిని హఠాత్తుగా మానరాదు. ఇల్లాలి కన్ను ముందుగా గుర్తించినచో ఒక ప్రాణము నిలువవచ్చునని మా మనవి.