దేవుని బిడ్డనైతే లంబాడీ బిడ్డను కాకుండా పోతానా?

మన రూంలో చుర్మో డబ్బా దగ్గర జరిగిన గొడవ అందరికీ తెలిసిందే. దాని మీద నాకు తోచింది రాస్తున్నాను. ఎవరి మీదా కోపంతో కాదు. తప్పులుంటే మన్నించగలరు.

కోయ పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి ముందు తీజ్ గురించి చెప్తాను. శ్రావణంలో మా తాండలలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాటలు పాడుకుంటూ మొలకలను పెంచి చెరువులో కలుపుతారు. ఆ రోజు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల కాళ్లు కడుగుతారు. మిగతా ఏడాదంతా మాతో నీళ్లు మోయించే అన్నలు ఆ ఒక్క రోజు మా కాళ్లు పట్టుకుంటారు, అది వేరే సంగతి. చుర్మో అంటే రొట్టె నలిపి బెల్లం, నెయ్యి కలిపిన ముద్ద.

పోయిన శ్రావణంలో నా దోస్తు తాండకు పోయి తీజ్ చేసుకొని, డబ్బాలో చుర్మో తెచ్చింది. అందరికీ పెట్టి నా దగ్గరికి వస్తే నేను డబ్బా పక్కకు నెట్టిన. "మేము దేవుని బిడ్డలం, దేవతలకు పెట్టింది ముట్టం" అన్న. అన్నది నిజమే, కానీ అన్న తీరు మంచిగ లేదు. అప్పుడామె "అయితే నువ్వు లంబాడీదానివే కాదు, ఎస్టీ సీటు ఎందుకు తీసుకున్నవ్?" అన్నది. అప్పటి నుంచి భోజనం లైన్లో నన్ను "కిరస్తానీ" అని పిలుస్తున్నారు.

సీటు మాట ముందు. సోషల్ సార్‌ను అడిగి తెలుసుకున్నాను. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. హిందువులకే అని మొదలై, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. తెలంగాణ లంబాడీలకు 1976 చట్టంతో ఎస్టీ హోదా వచ్చింది. అది జాతిని చూసి ఇచ్చింది, ఎవరికి మొక్కుతామో చూసి కాదు. మతం మారిన గిరిజనులను జాబితాలో నుంచి తీసెయ్యాలని కొందరు అడుగుతున్నారు గానీ, అడిగినంత మాత్రాన చట్టం అయిపోదు.

మన పేరు మనకంటే ముందు వేరేవాళ్లు రాయడం కొత్త కాదు. ఇంగ్లీషువాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టారు. కొన్ని ప్రాంతాల్లో మన లంబాడీలను కూడా అందులో కలిపారు. స్వాతంత్ర్యం వచ్చినాక 1952లో గానీ ఆ ముద్ర తీసెయ్యలేదు. ఆ చట్టం చేసిన దొరలు కూడా బైబిలు పట్టుకొని గుడికి పోయినవాళ్లే. ఈ మాట దాచిపెడితే నేను అబద్ధం చెప్పినట్టే.

మరి నేను దేవుని బిడ్డను అని ఎందుకు అనుకుంటున్న? నేను ఇంట్లో మూడో ఆడపిల్లను. నేను పుట్టినప్పుడు మా దాది "మళ్లా ఆడిదేనా" అని మంచం దగ్గరికి కూడా రాలేదట. యాడి ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్తది గానీ నాకు నవ్వు రాదు. నేను నాలుగో తరగతిలో ఉండగా బాపు గుడుంబా మానేసి తాండ చివర రేకుల షెడ్డు ప్రార్థనకు పోవడం మొదలుపెట్టిండు. నన్నూ తీసుకపోయిండు. అక్కడ 2 కొరింథీయులు 6వ అధ్యాయం చదివించారు. దేవుడు తండ్రిగా ఉంటానని చెప్పే ఆ చోట కుమారులు అని రాసి ఆగిపోలేదు, కుమార్తెలు అని కూడా ఉంది. నేను వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్న. నన్ను ఎవరో కావాలని కోరుకున్నారని మొదటిసారి అనిపించింది. ఆ మాట నా దగ్గర నుంచి ఎవరూ తీసుకోలేరు.

కానీ ఆ మాటనే నేను కంచె చేసుకున్న. తీజ్ పాటలు బంద్ చేసిన. దాదితో మన మాటలో మాట్లాడకుండా తెలుగులో జవాబు చెప్పిన. తాండకు వచ్చే ఒక పాస్టరుగారు, పాతవన్నీ విడవాలె, పాటలు కూడా, అని చెప్పిండు. పెద్దాయన కాబట్టి ఎదురు చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ చెప్తున్న. పౌలు క్రీస్తును నమ్మిన తర్వాత కూడా తాను బెన్యామీను గోత్రంవాడినని రోమా, ఫిలిప్పీ పత్రికల్లో రాసుకున్నాడు. మన లంబాడీలు కొత్తవాళ్లు కలిస్తే ముందు అడిగేది గోత్రమే కదా! పౌలుకు గోత్రం అడ్డం కాలేదు, నాకెందుకు అడ్డం కావాలె?

డోర్నకల్ గుడి చూసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ ఊరు 2016 వరకు మన వరంగల్ జిల్లాలోనే ఉండె, ఇప్పుడు మహబూబాబాద్‌లో కలిసింది. అజరయ్య అనే తమిళాయన 1912లో అక్కడ బిషప్ అయిండు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన కట్టించిన గుడికి మసీదు లెక్క గుమ్మటాలు, దేవాలయం లెక్క స్తంభాలు ఉంటాయి. దొరల దేశం గుడిని తెచ్చి ఇక్కడ నిలబెట్టలేదు. రాయికి ఉన్న స్వేచ్ఛ మనిషికి లేకపోతే ఎట్ల?

అయితే చుర్మో తినాల్నా వద్దా? 1 కొరింథీయులు 8వ అధ్యాయంలో ఇదే పంచాయితీ ఉంది. తిండి మనల్ని దేవునికి దగ్గర చెయ్యదు, దూరం చెయ్యదు, కానీ నీ తిండి వల్ల బలహీనుడైన సోదరుడు పడిపోవద్దు అని దాని అర్థం. నేను ఇప్పటికీ పూజలో పెట్టింది తినను. మనసు ఒప్పుకోదు. కానీ "వద్దు చెల్లె, ఏమనుకోకు" అని చెప్పి పక్కన కూర్చుంటే సరిపోయేది. డబ్బా నెట్టడం విశ్వాసం కాదు, పొగరు. దానికి నా దోస్తును ఈ పత్రిక ముందటనే క్షమాపణ అడుగుతున్న.

వార్డెన్ మేడంగారికి ఒక మనవి. "కిరస్తానీ" అని పిలవడం ఆపించండి. అట్లనే మా ప్రార్థన పిల్లలు ఎవరైనా తీజ్‌ను, మేడారం తల్లులను సైతాను పని అంటే వాళ్లను కూడా మందలించండి. అందులో నన్ను మొదట నిలబెట్టండి.

మొన్న ఫోన్‌లో దాది, ఈసారి తీజ్‌కు వస్తవా అని అడిగింది. పాటకు వస్త, పూజకు రాను అని మన మాటలోనే చెప్పిన. చానా సేపు ఏం అనలేదు. తర్వాత, బుట్ట అల్లి పెడతా, ఎత్తుకుంటవో లేదో నీ ఇష్టం, అన్నది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని