కడుపు మంటకు గ్యాస్ మాత్రే మందా?

రోజాలో కడుపు మండితే మసాలా వల్లేనని సరిపెట్టుకుంటాం. కానీ చాలా అల్సర్ల వెనుక ఉండేది హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. ఈ సంగతి కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది.

ఇది సోకిన వాళ్లందరికీ జబ్బు రాదు. క్యాగ్-ఎ జన్యువున్న రకం తన ప్రొటీన్‌ను కడుపు కణాల్లోకి ఎక్కిస్తుంది. వ్యాక్-ఎ విషం ఆ కణాలను దెబ్బతీస్తుంది. అల్సర్, క్యాన్సర్ ముప్పు ఇలాంటి రకాలతోనే ఎక్కువ. అయితే మన దేశంలో క్యాగ్-ఎ రకం చాలామందిలో ఉన్నా కడుపు క్యాన్సర్ ఆ స్థాయిలో లేదు. అంటే జన్యువు ఒక్కటే అంతా తేల్చదు. తిండి, పొగాకు కూడా లెక్కలోకి వస్తాయి.

అందుకే ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలతో నెట్టుకురావద్దు. డాక్టర్‌ని అడిగి శ్వాస పరీక్షో, మల పరీక్షో చేయించండి. రెండు వారాల ముందు ఆ మాత్రలు ఆపకపోతే క్రిమి ఉన్నా లేదని రావచ్చు. యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో వదిలేస్తే క్రిమి మొండికేస్తుంది. మలం నల్లగా వస్తే మాత్రం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.