కార్బురేటర్‌పై మోపిన నింద

"అయ్యవారూ, కార్బొరేటరు పొయ్యిండాది. కొత్తది ఏస్తే తప్ప కుదరదు."

చిత్తూరు, తిరుపతి షెడ్లలో పాత పెట్రోలు జీపునో, చిన్న పెట్రోలు లారీనో నిలబెట్టినవారికి ఈ వాక్యం వినబడడానికి పది నిమిషాలు చాలు. బానెట్టు ఎత్తుతారు, స్క్రూడ్రైవరు తీస్తారు, మిక్చరు స్క్రూను ఇటొక చుట్టు, అటొక చుట్టు తిప్పుతారు. ఇంజను ఒకసారి కుదుటపడినట్లే పడి మళ్ళీ తుమ్ముతుంది. వెంటనే తీర్పు వెలువడుతుంది. విచారణ లేదు, సాక్ష్యం లేదు, శిక్ష మాత్రం ఖాయం. చోకు తీగనూ, వాక్యూమ్ గొట్టాలనూ ఒక్కొక్కటిగా పరీక్షించకుండా కార్బురేటర్‌ మీద స్క్రూడ్రైవరు ఆనించడం విద్య కాదు, అవిద్య అని నా వాదం. ఆ అవిద్యకు రుసుము చెల్లించేవాడు బండి యజమాని.

తెలుగు పండితుడికి ఇంజనుతో పనేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. దశాబ్దాల పాటు పిల్లల చేత సంధులు విడదీయించినవాడిని. అతుకు ఎక్కడ ఉన్నదో చూడకుండా పదానికి అర్థం చెప్పబూనితే ఎంత అనర్థమో నాకు తెలుసు. ఇంజనులోనూ దోషం చాలాసార్లు అతుకుల వద్దనే దాగి ఉంటుంది.

ఈ విద్య మన ప్రాంతంలో ఎందుకు జారిపోయిందో ఊహించడం కష్టం కాదు. మహీంద్రావారు 1947లో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టారు. 1960లలో వారు చేసిన ఎఫ్.సి.-150 అనే చిన్న లారీకీ జీపుకు వాడిన హరికేన్ పెట్రోలు ఇంజనే. కానీ 1954లో టెల్కోవారు డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీల తయారీకి దిగిన తరువాత బరువు బండ్ల లోకమంతా క్రమంగా డీజిలుమయమైంది. డీజిలు ఇంజనుకు కార్బురేటరూ లేదు, చోకూ లేదు. ఆ లారీల మీద చేయి తిరిగిన తరానికీ, ఇంజెక్షను కార్లకు కంప్యూటరు తగిలించి చూసే నేటి తరానికీ నడుమ ఈ కార్బురేటరు అనాథగా మిగిలింది. మెకానిక్కులను నిందించి లాభం లేదని అంటారా? తెలియకపోవడాన్ని నేను నిందించడం లేదు. తెలియనిదానికి తీర్పు చెప్పడాన్ని నిందిస్తున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం. వాక్యూమ్‌ను మన పాఠ్యపుస్తకాలు 'శూన్యం' అన్నాయి. వ్యాకరణరీత్యా దోషం లేదు గాని ఇక్కడ ఆ మాట దారి తప్పిస్తుంది. పిస్టను కిందికి దిగినప్పుడు మానిఫోల్డులో గాలి ఒత్తిడి తగ్గుతుంది, అంతే. అది సున్న కాదు. శూన్యం దేనినీ పీల్చదు. బయటి గాలే తన బరువుతో లోపలికి తోసుకొని వస్తుంది. ఈ ఒక్క విషయం బోధపడితే, చిల్లు ఎంత చిన్నదైనా గాలి ఎందుకు దూరుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక చోకు అంటే గొంతు నొక్కడమే. కార్బురేటరు పైభాగాన ఉన్న పల్చని రేకు తలుపును డాష్‌బోర్డులోని గుబ్బ లాగితే ఒక తీగ మూస్తుంది. గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక స్టార్టు కావడానికి ఆ అధికపాలు కావాలి. మదనపల్లెలో డిసెంబరు తెల్లవారుజామున ఇది లేనిదే పని జరగదు. తిరుపతిలో మే నెలలో దీని అవసరం దాదాపుగా ఉండదు. (పాత అంబాసిడర్లలో కనిపించే ఎస్.యు. కార్బురేటరులో ఈ తలుపే లేదు. గుబ్బ లాగితే జెట్టు కిందికి దిగి పెట్రోలు పెరుగుతుంది. దానిలో తలుపు కోసం వెదికినవారిని నేను చూశాను.)

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. చోకు దోషమూ, వాక్యూమ్ దోషమూ ఒకదానినొకటి కప్పిపుచ్చుతాయి. ఎక్కడో గొట్టం చిట్లి దొంగగాలి దూరుతున్నదనుకోండి. మిశ్రమం పలచబడుతుంది, ఇంజను నిలకడగా తిరగదు, కార్బురేటరులోంచి తుమ్ముతుంది. డ్రైవరు చోకును సగం లాగుతాడు. పెట్రోలు పెరిగి లోటు పూడుతుంది, బండి నడుస్తుంది. "చోకు సగం లాగితేనే నడుస్తుంది సార్" అన్న మాట వినగానే నేర్చినవాడు గాలి కారే చోటునో, పూడిపోయిన జెట్టునో వెదకాలి. మనవారు మాత్రం దానిని ఒక అలవాటుగా స్వీకరించి నెలల తరబడి నడుపుతారు. అధికమైన పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగివేస్తుంది, కిందికి జారి ఇంజను ఆయిలును పలచన చేస్తుంది, రింగులు అరుగుతాయి. చివరికి రీబోరు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు!

మా బంధువొకరి జీపుకు సరిగ్గా ఇదే జరిగింది. ఒక షెడ్డులో కార్బురేటరు మార్చారు, మరొక షెడ్డులో రీబోరు చేశారు. తుమ్ము మాత్రం పోలేదు. ఆ బండికి ఎప్పుడో పాత వాక్యూమ్ వైపరు తీసివేసి కరెంటు వైపరు బిగించారు. మానిఫోల్డు నుండి పాత వైపరుకు వెళ్ళే గొట్టపు మొనకు పెట్టిన రబ్బరు మూత ఎండి పగిలిపోయింది. అంత ఖర్చుకూ కారణం ఆ బొటనవేలంత మూత.

వైపరు ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. విల్లీస్ కాలపు జీపులలో వైపరు ఇంజను వాక్యూమ్‌తోనే ఆడేది. వానలో ఘాటు ఎక్కుతూ యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డులో వాక్యూమ్ పడిపోయి వైపరు అద్దం మధ్యలో నిలిచిపోయేది. కాలు తీస్తే మళ్ళీ ఆడేది. అది దోషం కాదు, స్వభావం. స్వభావాన్నీ దోషాన్నీ వేరు చేయలేనివాడు వైద్యుడెట్లా అవుతాడు?

పరీక్షకు గొప్ప పరికరాలేమీ అక్కరలేదు. ఇంజను ఆపి, ఎయిర్ క్లీనరు తీసి, ఒకరు గుబ్బ లాగుతుండగా మరొకరు తలుపును చూడాలి. లాగినప్పుడు పూర్తిగా మూసుకోవాలి, నొక్కినప్పుడు పూర్తిగా నిలువుగా తెరుచుకోవాలి. తీగను బిగించిన చిన్న స్క్రూ వద్ద తీగ జారి ఉంటే గుబ్బ లోపలికి వెళ్తుంది గాని తలుపు సగంలోనే ఆగుతుంది. నల్లపొగ, మసిబారిన ప్లగ్గులు, పెట్రోలు వాసన దీని లక్షణాలు. పొల్యూషను పరీక్షలో తప్పినందుకు కార్బురేటరును తిట్టేముందు ఈ స్క్రూను చూడండి.

తరువాత గొట్టాలు. ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క గొట్టాన్ని మొదట్లో గట్టిగా నొక్కిపట్టాలి. ఏది నొక్కితే ఇంజను కుదుటపడుతుందో దాని అవతల చిల్లు ఉన్నది. మానిఫోల్డు ప్యాకింగు వద్దా, కార్బురేటరు అడుగు ప్యాకింగు వద్దా సబ్బునీళ్ళు కొద్దిగా చిలకరిస్తే, గాలి దూరే చోట ఇంజను శబ్దం మారుతుంది. కొందరు ఇదే పరీక్షను పెట్రోలు చిమ్మి చేస్తారు. వేడి సైలెన్సరు గొట్టం పక్కనే పెట్రోలు! ఇది మెకానిక్కు ధైర్యం కాదు, చితి పేర్చుకోవడం. డిస్ట్రిబ్యూటరుకు వాక్యూమ్ గొట్టం ఉన్న బండ్లలో ఆ గొట్టాన్ని కార్బురేటరు వైపు ఊడదీసి నోటితో పీల్చి నాలుకతో మూయాలి. నాలుక అతుక్కొని నిలిస్తే డయాఫ్రం బాగున్నది. పట్టు వదిలితే అది చినిగినది.

వాక్యూమ్ గేజీ కొన్నవారికి మరొక హెచ్చరిక. సముద్రమట్టం వద్ద మంచి ఇంజను ఐడ్లింగులో 17 నుండి 21 అంగుళాలు చూపుతుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. తిరుపతిలో 19 చూపిన ముల్లు మదనపల్లెలో 17 చూపితే ఇంజనుకు జబ్బు చేసినట్లు కాదు, ఊరు ఎత్తున ఉన్నట్లు. పుస్తకంలోని అంకెకు సరిపోలేదని టైమింగు కదిపితే అప్పుడు నిజంగానే జబ్బు చేస్తుంది.

ఇప్పుడు కొత్త చిక్కు ఒకటి వచ్చి చేరింది. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో దేశంలో ప్రవేశపెట్టారు. ఇథనాలులో ఆక్సిజను ఉన్నందున పాత జెట్టుతో మిశ్రమం మరింత పలచబడుతుంది. పాత రబ్బరు గొట్టాలనూ, డయాఫ్రములనూ అది త్వరగా పాడుచేస్తుంది. అంటే చోకు సగం లాగాలనే ప్రలోభమూ, గొట్టం చిట్లే అవకాశమూ ఒకేసారి పెరిగాయి. ఇక్కడ మిక్చరు స్క్రూకూ జెట్టుకూ నిజంగానే పని ఉండవచ్చు, కాదనను. అది గాలి కారే చోట్లన్నీ మూసిన తరువాతి పని.

"ఈ తుక్కు బండ్ల కోసం ఇంత వాదమా?" అని అడిగేవారికి నా సమాధానం బ్రేకులలో ఉన్నది. బ్రేకుకు వాక్యూమ్ సాయం ఉన్న బండ్లలో బూస్టరు గొట్టం చిట్లితే ఐడ్లింగు చెడడంతో ఆగదు. పలమనేరు నుండి మొగిలి ఘాటు దిగుతూ ఇంజను ఆగిపోతే, నిలువ ఉన్న వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళకు సరిపోతుంది. ఆపై పెడలు రాయివలె బిగుసుకుంటుంది. ఐడ్లింగు బాగులేదన్న ఫిర్యాదుకు స్క్రూ తిప్పి పంపివేసిన మెకానిక్కు ఈ ప్రమాదాన్ని చూడకుండానే పంపాడన్నమాట. ఇంజను ఆపి పెడలును నాలుగైదుసార్లు తొక్కి, చివరిసారి తొక్కిపట్టి స్టార్టు చేయండి. పెడలు కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బండిని అక్కడినుండి కదపవద్దు.

వాక్యూమ్ వైపరు ఇంకా పనిచేస్తున్న జీపు మన జిల్లాల్లో ఎవరి వద్దనైనా ఉంటే తెలియజేయగలరు. దాని గొట్టం ఎక్కడ దొరికిందో కూడా.